ఆరో తరగతి పిల్లలకి ఓఎంఆర్ షీట్లు అవసరమా?

తెలుగు టీచర్:
పోయిన వారం ఇక్కడ ఒకాయన "సర్కారు టీచర్లు పరీక్షలు వద్దనేది తమ బండారం బయటపడుతుందనే" అని రాశారు. పదహారేళ్లుగా సర్కారు బడిలో తెలుగు చెప్తున్నాను, ఇంట్లో ఏడో తరగతి కొడుకున్నాడు, కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్తాను.

2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకి పరఖ్ అని దేశమంతా పిల్లల చదువు స్థాయి చూసే సర్వే పెట్టారు. అది ఎంపిక చేసిన బడుల్లో కొంతమంది పిల్లలకే. పిల్లాడికి మార్కులు రావు, జిల్లాలో చదువు ఎట్లా ఉందో తెలుసుకోడానికి, అంతే. దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ జిల్లా పేరు కిందకి పోతుందేమోనని మా దగ్గర వారాల ముందు నుంచే ప్రాక్టీసు పేపర్లు మొదలుపెట్టి, పాఠాలు పక్కన పడేసి, పిల్లలకి ఓఎంఆర్ షీట్లో జవాబుకి గుండ్రాలు దిద్దడం నేర్పించాం. ఇన్‌స్పెక్షన్ అంటే ముందు రోజు గోడలకి సున్నం కొట్టినట్టు. ఇంక ఆ సర్వేలో కనిపించేది గోడా, సున్నమా?

నా క్లాసులో ఒక పిల్ల కథంతా తడుముకోకుండా చదివి, అందులో ముసలమ్మ ఎందుకు అబద్ధమాడిందో నాకే తట్టని కారణం చెప్పింది. ప్రాక్టీసు పేపర్లో ఆ పిల్లకి 15కి 4. ఏమైందా అని చూస్తే నాలుగో ప్రశ్న వదిలేసి ఐదో జవాబు నాలుగో వరసలో దిద్దింది, అక్కణ్ణించి అన్నీ ఒక వరస పైకి జరిగిపోయాయి. మొదటి మూడు కరెక్టు, ఇంకోటి గాలివాటంగా తగిలింది. ఆన్‌లైన్‌లో ఎక్కింది మాత్రం ఆ 4.

మావాడిది ప్రైవేటు బడి. ప్రతి శనివారం టెస్టు, వాడు ఇల్లు చేరేలోపే ర్యాంకు నా ఫోన్‌కి వస్తుంది. శుక్రవారం రాత్రి అన్నం సరిగ్గా తినడు. మొన్న మొక్కలు ఎట్లా గాలి పీలుస్తాయిరా అని అడిగితే "ఆప్షన్ సి" అన్నాడు. అంటే ఏంటి అంటే "అది పేపర్లో అడగరమ్మా"!

రైతుబిడ్డ:
మేడమ్, మీ బాధ అర్థమైంది కానీ మావైపు నుంచి చూడండి. మా నాన్న వేలిముద్ర. మా చెల్లి ఏటా పాస్ అవుతుంటే బాగానే చదువుతోంది అనుకున్నాం, పదిలో మూడు సబ్జెక్టులు పోయాక తెలిసింది, దానికి ఇంగ్లిష్ పేరా చదవడమే రాదని. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఫెయిల్ చేసి అదే తరగతిలో ఆపొద్దంది, 2019లో సవరించి 5, 8లో ఆపాలో వద్దో రాష్ట్రాలకి వదిలేశారు. బయటి పరీక్ష కూడా తీసేస్తే మాకెవరు చెప్తారు? మీరేసే మార్కులా? పదిలో ఆ 20 ఇంటర్నల్ మార్కులు ఎట్లా పడతాయో తెలంగాణలో తెలియనిదెవరికి?

టెక్సాస్ నాన్న:
ఇక్కడా ఇదే గొడవ. మూడో తరగతి నుంచే ఏటా రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్ష, స్ప్రింగ్ వస్తే ఇంట్లో టెన్షన్. 2025లో చట్టం చేసి 2027-28 నుంచి దాని బదులు మూడు చిన్న పరీక్షలు అంటున్నారు. ఒక టెన్షన్ పోయి మూడు రావడమేమో!

తెలుగు టీచర్:
తమ్ముడూ, ఆ 20 మార్కుల మాట ఒప్పుకుంటాను. అందరికీ వేసెయ్యమంటే వేసినవాళ్లలో నేనూ ఉన్నాను, సిగ్గుగానే ఉంది.

కానీ మీ చెల్లి సంగతి గుండ్రాల పేపర్ అయినా పట్టుకునేదా? నాలుగు ఆప్షన్లలో ఏదో ఒకటి దిద్దితే నాలుగింట ఒకటి ఊరికే తగులుతుంది. పల్లెల్లో పిల్లలకి చదవడం వచ్చో లేదో చూసే అసర్ సర్వే వాళ్లు ఊళ్లోకొచ్చి పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఇట్లా చదివించి చూస్తారు. పిల్లకి ఐదు నిమిషాలు చాలు. నా క్లాసులో నలభై మంది, రెండు రోజుల పని. అమ్మానాన్నల ముందే చదివిస్తాను, నాకు భయం లేదు. ఆ రెండు రోజులు నన్ను మార్కుల ఎంట్రీ, ఫొటోల అప్‌లోడ్ అని పీక్కుతినకుండా ఉంటే చాలు.

రైతుబిడ్డ:
అట్లయితే నాకు ఓకే. కానీ ఏది వచ్చో ఏది రాదో కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి మేడమ్. నోటిమాటైతే పదో తరగతికొచ్చాక ఎవరూ ఒప్పుకోరు.