జూలైలో చెన్నై/విశాఖ క్రూజ్ ఎక్కొచ్చా, ఫిబ్రవరి దాకా ఆగాలా? ఏ నెలలో సముద్రం ఎలా ఉంటుంది?

కొండాపూర్ వాసి:

అమ్మానాన్నలని క్రూజ్‌కి తీసుకెళ్లాలనుంది. నాన్నగారికి 71, అమ్మకి 66. అమ్మకి అరకు ఘాట్ రోడ్డు ఎక్కితేనే వాంతులు. నాకు వీలయ్యేవి మూడే: జూలై రెండో వారం, దసరా సెలవులు, లేదంటే ఫిబ్రవరిలో లీవు పెట్టడం. జూలైలో చెన్నై నుంచి శ్రీలంక వెళ్లొచ్చేది ఒకటి, విశాఖ–పుదుచ్చేరి–చెన్నై తిరిగేది ఒకటి చూశాను. ఫిబ్రవరిలో అయితే ముంబై–లక్షద్వీప్–కొచ్చి వైపు. ఏజెంటుని అడిగితే "పెద్ద ఓడ సార్, ఊగుడు అసలు తెలీదు" అంటాడు, అంతకుమించి ఏమీ చెప్పడు. ఇంకో సందేహం: ఏప్రిల్, మే నెలల్లో మనవైపు వేట నిషేధం పెడతారు కదా, అంటే అప్పుడు సముద్రం బాగోదనా?

లంగరు:

వేట నిషేధానికీ అలలకీ సంబంధం లేదండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో పెట్టేది చేపలు గుడ్లు పెట్టే కాలమని. నిజానికి అందులో మొదటి సగం, తుఫాను ఏదీ లేకపోతే, సముద్రం బాగానే ఉంటుంది.

మీ మూడింటిలో ఫిబ్రవరికే నా ఓటు. జనవరి చివర నుంచి ఏప్రిల్ సగం దాకా అటు అరేబియా, ఇటు బంగాళాఖాతం రెండూ ఏడాది మొత్తం మీద నెమ్మదిగా ఉండే కాలం. ఈశాన్య గాలి బలం తగ్గిపోతుంది, నైరుతి ఇంకా మొదలవదు. లక్షద్వీప్ దారిలో ఆ రోజుల్లో అల సాధారణంగా మీటరు చుట్టూ ఉంటుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా వైపు చూడనే వద్దు. నైరుతి గాలి ఆఫ్రికా తీరం దగ్గర నుంచి అడ్డం లేకుండా వేల కిలోమీటర్లు నీటి మీద తోసుకొస్తుంది. ఆ దూరమంతా అల పెరుగుతూనే ఉంటుంది. జూలైలో నడిసముద్రంలో మూడు నాలుగు మీటర్లు మామూలు. అందుకే కార్డీలియా కంపెనీ క్రూజ్ ఓడ వానాకాలానికి ముంబై వదిలి చెన్నై వైపు వస్తుంది. ఒకవేళ మే చివర్లోనో జూన్ మొదట్లోనో ముంబై లేదా కొచ్చి నుంచి చెన్నైకి ఓడ తావు మార్చే ప్రయాణం చవగ్గా అమ్మకానికి కనిపిస్తే, ఆ చవక ఎందుకో ఒకసారి ఆలోచించండి. రామసేతు దగ్గర పెద్ద ఓడలకి లోతు చాలదు. శ్రీలంకని పూర్తిగా చుట్టి రావాల్సిందే, అదీ నైరుతి మొదలయ్యే వేళకి.

దసరా అంటే లాటరీ. బంగాళాఖాతంలో తుఫానులు రెండు విడతలు: ఏప్రిల్–జూన్, ఆ తర్వాత అక్టోబరు–డిసెంబరు. రెండోదే ఎక్కువ, అందులో నవంబరు మరీను. హుద్‌హుద్ విశాఖని కొట్టింది 2014 అక్టోబరు 12న. మొంథా తీరం దాటింది 2025 అక్టోబరు 28న. తుఫాను లేని వారం దొరికితే అక్టోబరు సముద్రం చక్కగా ఉంటుంది, ఆ మాటా చెప్పాలి. దసరాకే వెళ్లాలంటే తూర్పు కన్నా పడమర తీరం మేలు.

డాల్ఫిన్ నోస్:

లంగరు గారు చెప్పినదానిలో చాలావరకు ఒప్పుకుంటాను గానీ, జూలై అనగానే రెండు తీరాలనీ ఒకే గాటన కట్టకూడదు. కొండాపూర్ వాసి గారు చూసిన రెండు జూలై ప్రయాణాలూ ఒకటి కాదు.

నైరుతి కాలంలో మన తీరానికి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డుకి దగ్గరగా పోయే ఓడకి ఆ గాలి పెద్ద అల లేపలేదు, అల పెరగడానికి దూరం ఉండదు కాబట్టి. మిగిలేది దక్షిణం నుంచి వచ్చే పొంగు అలలు, వాటినే స్వెల్ అంటారు. అవి ఎక్కడో హిందూ మహాసముద్రంలో పుట్టి వస్తాయి, మన దగ్గర గాలి లేకపోయినా వస్తాయి. విశాఖ బయట జూలైలో రెండు మీటర్ల చుట్టూ ఉండొచ్చు. చెన్నై వైపు దిగేకొద్దీ శ్రీలంక అడ్డు కాస్తుంది కాబట్టి తగ్గుతుంది. అసలు చిక్కు ఉత్తర బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టినప్పుడు. జూలై, ఆగస్టుల్లో అవి వరుసగా పడతాయి, ఒక్కొక్కటీ రెండు మూడు రోజులు విశాఖ వైపు సముద్రాన్ని కలిపేస్తుంది.

ఇప్పుడు శ్రీలంక సంగతి. ట్రింకోమలీ ఆ దేశానికి తూర్పున ఉంది, నైరుతి గాలికి దీవి మొత్తం గోడలా అడ్డం. జూలైలో అక్కడ నీళ్లు చెరువులా ఉంటాయి. హంబన్‌టోట దక్షిణాన ఉంది, దానికి ఏ అడ్డూ లేదు. చెన్నై నుంచి తూర్పు తీరం వెంట హాయిగా దిగిన ఓడ ఆగ్నేయ మూల తిరగగానే నైరుతి అలలకి ఎదురెళుతుంది. ఆ కొన్ని గంటలే మీ అమ్మగారికి పరీక్ష. ట్రింకోమలీ గానీ జాఫ్నా వైపు కాంకేసంతురై గానీ మాత్రమే ఉండి హంబన్‌టోట లేని ప్రయాణం దొరికితే జూలైలో కూడా వెళ్లొచ్చని నా అభిప్రాయం. డిసెంబరులో ఇదంతా తిరగబడుతుంది. ఈశాన్య గాలికి ట్రింకోమలీ ఎదురు, దక్షిణ తీరం చాటు. నెల ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ నెల గాలికి మీ దారిలో ఏ ముక్క ఎదురో చూడాలి.

పుదుచ్చేరి గురించి కూడా ఒక మాట. అక్కడ ఇంత పెద్ద ఓడ ఒడ్డుకి రాదు. బయట లంగరు వేసి చిన్న పడవల్లోకి దింపుతారు, లక్షద్వీప్‌లోనూ అంతే. ఓడకి లెక్కలోకి రాని మీటరున్నర అల కూడా, ఓడ తలుపు దగ్గర పడవ పైకీ కిందికీ ఆడుతుంటే 71 ఏళ్ల మోకాళ్లకి పెద్ద విషయమే. అల కాస్త పెరిగిందంటే కెప్టెన్ దింపడమే మానేస్తాడు.

కొండాపూర్ వాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. దాదాపు ఫిబ్రవరి లక్షద్వీప్ అనుకుంటున్నాను. పడవల మాట మాకెవరూ చెప్పలేదు. గది ఎక్కడ తీసుకోవాలి? బాల్కనీ ఉన్నవి పై డెక్కుల్లో ఎక్కువ కనిపిస్తున్నాయి. ఏ మాత్రలు ఉంచుకోవాలి? తమ్ముడు అమెరికాలో ప్లేనోలో ఉంటాడు, "వచ్చే ఏడాది ఇక్కడికే రమ్మను, అలాస్కా వెళ్దాం" అంటున్నాడు. అదెలా ఉంటుంది?

త్రాసుముల్లు:

ఓడ రెండు రకాలుగా కదులుతుంది. పక్కలకి ఊగడం ఒకటి, ముక్కు లేచి పడటం ఒకటి. పక్క ఊపు పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ తెలుస్తుంది. ముక్కు లేచి పడటం రెండు కొసల్లో ఎక్కువ. ఏతంలాంటిదే, నడుమ ఉన్నవాడికి తక్కువ. కాబట్టి కింది డెక్కుల్లో, పొడవునా సరిగ్గా మధ్య. అమ్మగారికి బాల్కనీ కన్నా అక్కడ కిటికీ ఉన్న గది మేలు. ఆకాశం కలిసే గీత కనిపిస్తే లోపలి చెవి (ఒంటి తూకం కనిపెట్టేది) చెప్పేదీ కన్ను చెప్పేదీ ఒకటవుతాయి. కిటికీ లేని గదిలో అవి రెండూ కొట్టుకుంటాయి, వాంతి అక్కడి నుంచే మొదలు. "గది నంబరు తర్వాత ఇస్తాం" అని తక్కువకిచ్చే టిక్కెట్టు మీకు వద్దు. అందరూ ఏరుకోగా మిగిలినవి, అంటే ఎక్కువగా ముందు కొస, వెనక కొస గదులే వస్తాయి.

ఏజెంటు చెప్పిన "ఊగుడు తెలీదు"లో సగం నిజం ఉంది. ఓడ పక్కల నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్క ఊపుని బాగా తగ్గిస్తాయి. ముక్కు లేచి పడటాన్ని మాత్రం ఏమీ చెయ్యలేవు. పైగా నీరు వాటి మీదుగా పారుతుంటేనే పని చేస్తాయి కాబట్టి ఓడ వేగం తగ్గించినప్పుడు వాటి బలమూ తగ్గుతుంది.

అల ఎత్తు ఒక్కటే చూసి భయపడొద్దు, ధైర్యపడొద్దు. అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. ఆ సెకన్లని అంతతో హెచ్చించి, 1.56తో మళ్లీ హెచ్చిస్తే లోతు సముద్రంలో అల పొడవు మీటర్లలో వస్తుంది. 8 సెకన్లకి 100 మీటర్లు, 12 సెకన్లకి 225. ఎదురుగా వచ్చే అల పొడవు ఓడ పొడవుకి దగ్గరైనప్పుడే ముక్కు బాగా లేచి పడుతుంది. కార్డీలియా ఎంప్రెస్ పొడవు సుమారు 211 మీటర్లు. అంటే 11–12 సెకన్ల స్వెల్, అదీ రెండున్నర మీటర్లు దాటి ముఖం మీదికి వస్తే తెలుస్తుంది. అదే ఎత్తున్న 6 సెకన్ల అలని ఆ ఓడ కోసుకుంటూ పోతుంది. చిన్న పడవకి మాత్రం ఆ 6 సెకన్లదే నరకం.

మందులపెట్టె:

మాత్రల విషయంలో జనం చేసే తప్పు ఒక్కటే: వాంతి మొదలయ్యాక వేసుకోవడం. అప్పటికి కడుపు కదలడం ఆగిపోతుంది, మాత్ర లోపలే ఉండిపోతుంది లేదా బయటికొస్తుంది. ప్రొమెథజీన్ (అవోమిన్ 25 మి.గ్రా.) అయితే బయలుదేరే ముందు రాత్రే మొదలుపెడతారు. సిన్నరిజిన్ (స్టూజెరాన్) అయితే కనీసం రెండు గంటల ముందు. ఇంట్లో ఉండే ఆన్‌డాన్‌సెట్రాన్ వాంతులకి మంచి మందే గానీ, ఊపు వల్ల వచ్చే వికారానికి పెద్దగా పనిచెయ్యదు.

ప్రొమెథజీన్, సిన్నరిజిన్ రెండూ మత్తునిస్తాయి. ఈ వయసులో మత్తు, ఊగే నేల, రాత్రిపూట బాత్‌రూమ్ గడప, మూడూ కలిస్తే పడిపోవడమే. నాన్నగారికి ప్రోస్టేట్ ఇబ్బంది గానీ, కంట్లో నీటికాసులు (గ్లకోమా) గానీ ఉంటే డాక్టర్ని అడక్కుండా ప్రొమెథజీన్ వద్దు. వణుకు జబ్బు (పార్కిన్సన్స్) ఉన్నవారికి సిన్నరిజిన్ వద్దు. ఏదైనా సరే, ఇంటి దగ్గర ఒకరోజు వేసి చూసి ఎంత నిద్ర పడుతోందో తెలుసుకున్నాకే ఓడ ఎక్కించండి.

షుగర్ ఉంటే ఇంకో ప్రమాదం. మాత్రో ఇన్సులినో వేసుకుని, వికారంతో తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. దానికేం చెయ్యాలో ముందే రాయించుకోండి. ఓఆర్ఎస్ పొట్లాలు, అల్లం మురబ్బా, ఉప్పు బిస్కెట్లు చేతి సంచిలో ఉంచండి, పెద్ద పెట్టె గదికి చేరేసరికి ఆలస్యం కావచ్చు. ఖాళీ కడుపు మంచిదనుకోవడం పొరపాటు. కొద్దికొద్దిగా పొడి తిండి తింటేనే నయం.

ప్లేనో పక్కింటాయన:

అలాస్కా సంగతి నేను చెప్తాను. అమ్మానాన్నలు ఇక్కడికి ఎక్కువగా వేసవిలోనే వస్తారు కాబట్టి కాలం కలిసొస్తుంది. అక్కడ ఓడలు తిరిగేది ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. నీళ్లు నెమ్మదిగా ఉండేది జూన్, జూలైల్లో. సెప్టెంబరు నడిమి నుంచి పసిఫిక్ తుఫాను గాలులు మొదలవుతాయి, టిక్కెట్లు తగ్గేదీ అప్పుడే.

కానీ నెల కన్నా దారి ముఖ్యం. వాంకూవర్ నుంచి బయలుదేరేవి చాలావరకు దీవుల చాటున ఇన్‌సైడ్ పాసేజ్‌లో పోతాయి. బయటి సముద్రం తగిలేది క్వీన్ షార్లెట్ సౌండ్ దగ్గర కొన్ని గంటలు. సియాటిల్ ఓడలు మామూలుగా వాంకూవర్ దీవికి పడమరన, అంటే బాహాటంగా పసిఫిక్‌లో పోతాయి. అటొక రోజు, ఇటొక రోజు. విట్టియర్ లేదా సీవర్డ్‌లో ముగిసే ఒకవైపు ప్రయాణమైతే అలాస్కా సింధుశాఖ దాటాలి, అది మే, సెప్టెంబరుల్లో బాగా ఊపుతుంది. అమ్మగారికి వాంకూవర్ నుంచి వాంకూవర్‌కే వచ్చేది చూడండి. ఇండియా పాస్‌పోర్టుకి కెనడా వీసా కావాలి. సియాటిల్ ఓడకీ తప్పదు, అమెరికా చట్టం ప్రకారం విదేశీ ఓడ దారిలో ఒక విదేశీ రేవు తాకాలి కాబట్టి ఎక్కువగా కెనడాలోని విక్టోరియాలో ఆగుతారు.

కరీబియన్ గురించి అందరూ హరికేన్లనే అడుగుతారు. ఆ కాలం జూన్ 1 నుంచి నవంబరు 30, శిఖరం సెప్టెంబరు 10 చుట్టూ. ఓడ హరికేన్‌లోకి పోదు, దారి మార్చుకుంటుంది, మీరు అనుకున్న ఊరు బదులు ఇంకోటి చూస్తారు. అడగనిది డిసెంబరు–ఫిబ్రవరి గాలులు. ఎండ కాస్తూనే ఉంటుంది, తూర్పు గాలి మాత్రం రోజుల తరబడి తగ్గదు. ఉత్తరం నుంచి స్వెల్ వస్తే గ్రాండ్ కేమన్ లాంటి పడవ దింపుడు రేవులు తప్పిపోతాయి.

డాల్ఫిన్ నోస్:

బయలుదేరే వారంలో చూసుకోవాల్సినది కూడా చెప్పేస్తాను. మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర స్థితి అంచనాలని రోజూ ఉచితంగా ఇస్తుంది, ఫోనుకి సముద్ర అనే యాప్ కూడా ఉంది. మీ దారి మీద వేలు పెట్టి నాలుగే చూడండి: అల ఎత్తు, స్వెల్ ఎత్తు, అది వచ్చే దిక్కు, సెకన్లు. అక్కడ రాసే ఎత్తు, మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతుకి సగటు. ఒంటి అల దానికి దాదాపు రెట్టింపు కూడా రావచ్చు. 1.25 మీటర్లలోపు అమ్మగారికి ఏమీ తెలియదు. రెండు దగ్గర ఊపు పడనివాళ్లకి మొదలవుతుంది. రెండున్నర దాటితే అందరూ గోడ రెయిలు పట్టుకునే నడుస్తారు. నాలుగు దాటితే బయటి డెక్కులు మూసేసి, ఈత కొలనులో నీళ్లు తీసేస్తారు. లిఫ్టుల పక్కన వాంతి సంచులు పెట్టడం కనిపించిందంటే సిబ్బందికి అంచనా ముందే అందిందని. అప్పుడే మాత్ర వేయించండి.

ఫిబ్రవరిలో కూడా లక్షద్వీప్‌లో దింపడం రద్దవచ్చని మనసులో పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్, మే అయితే దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి కేరళవాళ్లు కళ్ళక్కడల్ అనే పొంగు వస్తుంది, గాలీ వానా ఏదీ ఉండదు. పెద్ద ఓడలో కాఫీ కప్పు కదలదు, పడవ మాత్రం ఓడ పక్కన నిలవదు. రేవు తప్పితే డబ్బు వెనక్కి అడగొచ్చా అంటే, టిక్కెట్టు షరతుల్లో దారి మార్చే హక్కు కంపెనీదే అని ఉంటుంది. మహా అయితే ఆ రేవు రుసుము వెనక్కిస్తారు. అందుకని బుక్ చేసేముందు "లక్షద్వీప్‌లో దిగడం ఎన్ని గంటలు, పడవలోకి మెట్లా, తలుపు నుంచి నేరుగానా, చక్రాల కుర్చీని పడవలోకి రానిస్తారా" అని ఏజెంటుని మెయిల్‌లో అడిగి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి.

లంగరు:

డాల్ఫిన్ నోస్ గారి హంబన్‌టోట మాట సరైనదే, నేను జూలైని మొత్తంగా కొట్టేశాను. ఇంకొక్కటి: డెక్కు మీద నిలబడి హోరుగాలి తగలగానే సముద్రం చెడిందనుకోకండి. ఓడ 18 నాట్లలో, అంటే గంటకి 33 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ గాలి ఓడదే. నీటి మీద తెల్లటి నురగ తలలు ఎన్ని ఉన్నాయో చూడండి. అక్కడక్కడా ఉంటే మామూలే. ఎటు చూసినా అవే అయితే అమ్మగారిని కిందికి, మధ్యలోకి తీసుకెళ్లి కిటికీ పక్కన కూర్చోబెట్టండి. బాల్కనీ తలుపు, బాత్‌రూమ్ తలుపు మూసేటప్పుడు అంచున వేళ్లు పెట్టొద్దని ఇద్దరికీ చెప్పండి. ఊపులో ఆ తలుపులు వాటంతటవే విసురుగా పడతాయి.