లాడ్జి లాబీలో 1968 ఈజీ లిజనింగ్ పాటలు: ఒక్కో పాట అన్ని వారాలు పైన ఎట్లా ఉంది?

అలిపిరి_కుర్రోడు:
తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్‌లో చేస్తున్నా. పొద్దున సుప్రభాతం, తర్వాత అన్నమయ్య కీర్తనలు, అది ఎప్పుడూ ఉండేదే. మధ్యాహ్నం మాత్రం మెత్తటి పాత ఇంగ్లీషు పాటలు పెట్టమంటాడు ఓనరు. సరే అని అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వాళ్ల 1968 ఈజీ లిజనింగ్ (మెత్తటి పాటల చార్టు) నంబర్ వన్‌లు తీసి చూస్తే, ‘లవ్ ఈజ్ బ్లూ’ 11 వారాలు కదలకుండా కూర్చుంది! అదే ఏడాది వాళ్లదే అన్ని రకాల పాటలుండే హాట్ 100 చార్టులో బీటిల్స్ ‘హే జూడ్’ కూడా 9 వారాలే. ఎట్లా ఇది?

పాత_రేడియో:
రెండు చార్టుల లెక్క వేరు తమ్ముడూ. 1961లో ఈజీ లిజనింగ్ చార్టు మొదలైనప్పుడు హాట్ 100లోంచి రాక్ పాటలు తీసేసి మిగిలినవాటికి వరుసగా నంబర్లు ఇచ్చేవాళ్లు, అంతే. 1965లో ఆ పద్ధతి మారింది, ఇలాంటి పాటలు వేసే రేడియో స్టేషన్లు నిజంగా ఏం వేస్తున్నాయో అది లెక్కలోకి వచ్చింది. అవి వినేది ఎక్కువగా పెద్దవాళ్లు, వాళ్లకు వారానికో కొత్త పాట ఎందుకు? హే జూడ్ ఈ చార్టులో నంబర్ వన్ కానే లేదు.

చిత్తూరు_కీబోర్డ్:
ఇందులో తమాషా ఇంకొకటుంది. లవ్ ఈజ్ బ్లూ అసలు పాడే పాట. 1967 యూరోవిజన్ పాటల పోటీలో లక్సెంబర్గ్ తరఫున విక్కీ లియాండ్రోస్ పాడితే నాలుగో స్థానం వచ్చింది, ఫ్రెంచ్ ఆర్కెస్ట్రా నాయకుడు పాల్ మోరియా మాటలు తీసేసి ఆర్కెస్ట్రాతో వాయిస్తే అమెరికాలో నంబర్ వన్. అదే ఏడాది 10 వారాలున్న ‘దిస్ గైస్ ఇన్ లవ్ విత్ యూ’ కథ తిరగేసింది: హెర్బ్ ఆల్పర్ట్ పేరు తెచ్చుకున్నది ట్రంపెట్‌తో, గొంతు అంతంతమాత్రం (నా అభిప్రాయం, కొట్టకండి), అయినా పాడి గెలిచాడు. మొదటిది నేను పెళ్లి రిసెప్షన్లలో వాయిస్తా, ఏ పాటో తెలియకపోయినా భోజనాల దగ్గర తలలూపుతారు. లాబీలో మేసన్ విలియమ్స్ ‘క్లాసికల్ గ్యాస్’ మాత్రం వద్దు, ఆ గిటారు పరుగుకు కునుకు తీసేవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు.

నడకదారి:
మెట్లెక్కి దర్శనం చేసుకుని వచ్చి సోఫాలో వాలినవాళ్లకు ఇంగ్లీషు పాటలెందుకు బ్రో, వీణ పెట్టు. ఇంకో మాట, లాబీలో పాటలు వేయడానికి లైసెన్స్ ఉందా అని ఓనరును అడుగు. పాతవి కదా ఫ్రీ అనుకుంటారు చాలామంది. మన చట్టంలో రికార్డింగ్‌కు 60 ఏళ్లు, 1968లో విడుదలైనదానికి 2028 డిసెంబరు దాకా హక్కులుంటాయి.

అలిపిరి_కుర్రోడు:
ఈ మాట చెవిన పడితే మా ఓనరు వీణే ఖాయం చేస్తాడు.

పాత_రేడియో:
వీణ సీడీకి కూడా లైసెన్స్ కావాలి సామీ, అది నిన్నమొన్నటిదైతే ఇంకా జాస్తి కాలం.