క్యాన్సర్ కణాల పంపును ఆపే ప్రయత్నం ఇక వదిలేయాలా?

కణమిత్ర:
కొన్ని క్యాన్సర్ కణాలు లోపలికి వచ్చిన కీమో మందును వచ్చినట్టే బయటికి తోసేస్తాయి. ఆ పని చేసేది కణత్వచంలో (కణం చుట్టూ ఉండే పొరలో) పంపులా పనిచేసే పీ-గ్లైకోప్రొటీన్ అనే ప్రొటీన్. 1976లో జూలియానో, లింగ్ దీన్ని కాల్చిసిన్ అనే మందుకు లొంగని హామ్‌స్టర్ కణాల్లో గుర్తించారు. వెరాపమిల్ అనే మందు ఈ పంపును ఆపగలదని 1981లోనే ఆశ పుట్టింది. అయినా పంపును ఆపే మందు ఒక్కటీ క్యాన్సర్ చికిత్సలో నిలదొక్కుకోలేదు. ఇక వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. మీరేమంటారు?

రసాయని:
నేను ఒప్పుకోను. ఎందుకు ఓడిపోయాయో చూడాలి కదా. వెరాపమిల్ గుండె మందు. పంపు ఆగేంత మోతాదు ఇస్తే గుండె తట్టుకోలేదు. వాల్‌స్పొడార్ అనే మరో మందు పంపును బాగానే ఆపింది కానీ, కాలేయంలో కీమో మందును విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమును కూడా అడ్డుకుంది. దాంతో రక్తంలో మందు పేరుకుపోయి, కీమో మోతాదు తగ్గించాల్సి వచ్చింది. పైగా చాలా ట్రయల్స్‌లో కణితిలో పంపు ఉందో లేదో చూడకుండానే రోగుల్ని చేర్చుకున్నారు. పంపే లేనివాళ్ళకు దాన్ని ఆపే మందుతో ఏం లాభం?

పొరదాటి:
రసాయని గారూ, పంపును ఆపే ఇంకో మందు తారిక్విడార్‌కు ఆ ఎంజైము గొడవ పెద్దగా లేదు. అయినా ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్స్‌లో కీమోతో కలిపి ఇస్తే దుష్ప్రభావాలు పెరిగి మధ్యలోనే ఆపేశారు. అసలు చిక్కు వేరే ఉంది. ఈ పంపు కణితి సొత్తు కాదు. పేగు, కాలేయం, మూత్రపిండాలు, మాయ (గర్భంలో బిడ్డను పోషించేది), మెదడు రక్తనాళాలు, అన్నిచోట్లా ఉండి మనల్ని విషాల నుంచి కాపాడుతోంది. 1994లో ఈ పంపును తయారుచేసే జన్యువు తీసేసిన ఎలుకలకు పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్ మందు వాడితే చనిపోయాయి. వాటి మెదడులో ఆ మందు మామూలు ఎలుకల కంటే దాదాపు 90 రెట్లు చేరింది. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఇదే జన్యువులో 4 డీఎన్ఏ అక్షరాలు లోపిస్తాయి, అవీ ఐవర్‌మెక్టిన్‌ను తట్టుకోలేవు. ఇంత అవసరమైన కాపలాను ఒళ్ళంతా ఆపేయడం నాకు భయంగానే ఉంది.

కొత్తసభ్యుడు:
ఒక్క ప్రొటీన్ ఇన్ని రకాల మందుల్ని ఎలా పట్టుకుంటుందండీ?

పొరదాటి:
దాని లోపలి గది పెద్దది, కొవ్వుకు అంటుకునే గుణం ఉన్న అణువులు రకరకాలుగా అందులో ఇముడుతాయి. మందును పొరలోంచే అందుకుంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు రెండు చేరగానే ఆకారం మారి, లోపలివైపు తెరిచి ఉన్న గది బయటివైపు తెరుచుకుంటుంది. ఏటీపీ విరిగాక మళ్ళీ మొదటి ఆకారానికి వస్తుంది. కణితిలోనూ మెదడు నాళాల్లోనూ ఉన్నది ఒకే ప్రొటీన్ కాబట్టి, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని మాత్రమే ఆపే మందు తయారుచేయడం చాలా కష్టం.

కణమిత్ర:
నేను వదిలేయమన్నది అందుకే. పంపుకు చిక్కని మందులు చేసుకుందాం. లోర్లాటినిబ్ అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ మందు అలా వచ్చిందే. మెదడుకు పాకిన క్యాన్సర్‌ను అందుకోవాలని, పంపు తోసేయలేనట్టు దాని అణువును మలిచారు.

రసాయని:
లోర్లాటినిబ్ కణితిలో ఏఎల్‌కే అనే జన్యువు మారిన కొద్దిమందికే పనికొస్తుంది. పాక్లిటాక్సెల్, డాక్సోరుబిసిన్ అనే కీమో మందుల మీద ఆధారపడేవాళ్ళ మాటేమిటి? ఈ రెండింటినీ పంపు తోసేస్తుంది. కణితిలో పంపు ఉందని తేలినవాళ్ళను మాత్రమే తీసుకుని, కీమో ఇచ్చే కొన్ని గంటలు మాత్రమే ఆపి చూసే ట్రయల్ ఒకటి పద్ధతిగా జరగాలి. అప్పటిదాకా ఈ దారి మూసుకుపోయిందంటే నేను ఒప్పుకోను.