ఇసుములో నూనె, మూడో అక్షరం

రాజోలు
నాన్నగారి పాత యెజ్డీ మోటారుసైకిలు 2022 జూలై వరదలో రెండు రోజులు నీళ్లలో నిలబడింది. ఆ తరువాత దాన్ని ఎవరూ కదపలేదు. మొన్న మెకానిక్కు దగ్గరికి తీసుకువెళితే స్పార్కు ప్లగ్గు ఇంజను హెడ్డులో బిగుసుకుపోయి ఉంది. ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాయి. పానా ముట్టుకోకుండా ముందు ప్లగ్గు చుట్టూ ఉన్న ఒండ్రును సైకిలు పంపుతో ఊది, కిరసనాయిలు, ఇంజన్ ఆయిలు కలిపి చుక్కలు చుక్కలుగా పోశారు. కాసేపటికి గుడ్డ కొనతో తుడిస్తే ఇసుక, నూనె కలిసి వచ్చాయి. ఆ గుడ్డ చూసి ‘తివి… ఇసుమున తైలంబు తీయవచ్చు’ అని చదివారు. బ్రష్షు పళ్ల మధ్య పట్టుకుని ఉండటంతో మూడో అక్షరం తేలలేదు. నాకు ‘తివిచి’ అనే వినిపించింది. భర్తృహరి సంస్కృత శ్లోకానికి ఏనుగు లక్ష్మణకవి చేసిన ఈ తెలుగు పద్యంలో నేను చదువుకున్నది ‘తివిరి’. ఏది సరి?

తణుకు
తివిరి. సందేహం లేదు. సంస్కృత మూలంలో ‘యత్నతః’ అని ఉంది. తివురు అంటే యత్నించు.

నరసాపురం
మూలంలో ‘యత్నతః పీడయన్’ అని రెండు మాటలు ఉన్నాయి మాస్టారూ. యత్నతః తివిరిలోకి వచ్చిందనుకుందాం. పీడయన్ ఎక్కడికి పోయింది? గానుగలో వేసి పిండితేనే కదా నూనె వచ్చేది. తివిచి అంటే లాగి. ఆ బలప్రయోగం మాటలో ఉండాలి. నేను తివిచి పక్షం.

తణుకు
లాగడం వేరు, పిండడం వేరు. పైగా ‘తివిచి తీయవచ్చు’ అంటే లాగి లాగవచ్చు అన్నట్టు ఉంటుంది. లక్ష్మణకవి అంత పేలవంగా రాయరు.

యానాం
ఛందస్సు తేలుస్తుందేమో చూశాను, తేల్చదు. తేటగీతిలో మొదటిది సూర్యగణం. తివిరి, తివిచి రెండూ నగణాలే, అంటే మూడేసి లఘువులు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదిరే జత, ‘తి’కి ‘తీ’, రెండింటికీ సరిపోతుంది. కొందరు ‘త్రవ్వి ఇసుమున’ అని చదువుతారు. అది మాత్రం నిలవదు, ‘త్ర’కు ‘తీ’తో స్వరం కలవదు. ఇక ‘తివిసి’ అని ఎవరైనా అంటారేమో, అది తివియు నుంచి వస్తుంది. తివిచి తివుచు నుంచి వస్తుంది. ఈ తేడా గమనించి మాట్లాడుకుందాం.

పెద్దాపురం
లక్ష్మణకవి మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. ఆయన పూర్వులు పైడిపాటి వారు. పెద్దాపురం ప్రభువులు ఏనుగును బహూకరించడం వల్ల ఆ ఇంటిపేరు ఏనుగుగా మారిందని ఇక్కడ చెప్పుకుంటారు. భర్తృహరిని ఎలకూచి బాలసరస్వతి తెనిగించారు, పుష్పగిరి తిమ్మన తెనిగించారు. జనం నోట నిలిచింది మాత్రం ఈయన పద్యమే. ఎందుకో నాలుగు పాదాల మొదళ్లు వరుసగా చదవండి: తివిరి, తవిలి, తిరిగి, చేరి. మొదటి మూడు ఒకే బరువు, ఒకే నడక. తివిరి తరువాత తవిలి వస్తే ర, ల జోడు కుదురుతుంది. తివిచి పెడితే ఆ పోగు తెగిపోతుంది. చెవి ఉన్నవారికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

నరసాపురం
చెవి సాక్ష్యం నాకూ ఇష్టమే. అయితే ‘తవిలి’ సంగతి ఎవరూ ఎత్తలేదు. తవులు అంటే తగులుకొను, చిక్కుకొను. రాజోలు వారి ప్లగ్గు సరిగ్గా తవిలి ఉంది! మన మెకానిక్కులు ‘పట్టేసింది’ అంటారు. ‘తవులుకుంది’ అంటే ఎంత బాగుంటుందో చూడండి.

తణుకు
అంతకన్నా దగ్గరి మాట మూలంలోనే ఉంది: ‘ప్రతినివిష్ట’. మూర్ఖుడికి వేసిన విశేషణం అది. పట్టిన పట్టులో దిగబడి కదలనివాడు. తెలుగులో ఆ మాట రాలేదు, ‘చేరి’ మిగిలింది. ఈ పద్యంలో నాకున్న ఒకే ఒక్క వెలితి ఇది.

యానాం
ఉక్కు ప్లగ్గు, అల్యూమినియం హెడ్డు. తేమ తగిలితే ఆ రెంటి మధ్య తెల్లటి పొడి పేరుకుంటుంది. మా ఉప్పుగాలికి ఇంకా త్వరగా. దిగబడటం అంటే అదే. రాజోలు వారూ, బలంగా తిప్పనివ్వకండి. హెడ్డులోని మరలు ప్లగ్గుతోపాటు ఊడివస్తాయి.

రాజోలు
ఆయన తిప్పనివ్వలేదండీ. మూడు పూటలు నూనె పోస్తూ నానబెట్టారు. ఈ ఉదయం మరిగిన నీళ్లలో ముంచిన గుడ్డలు హెడ్డు చుట్టూ కప్పారు. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుందట. తరువాత పానా వేసి ముందు వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పారు. ‘టిక్కు’మని సన్నగా వినిపించింది. అప్పుడు విప్పే వైపు పావు చుట్టు. గట్టిపడగానే వెనక్కి. మళ్లీ నూనె. మళ్లీ పావు చుట్టు. దాదాపు గంట పట్టింది. ప్లగ్గు చేతికి వచ్చాక మరల సందుల్లో సున్నంలాంటి పొడి కనబడింది. హెడ్డు మరలు ఒక్కటీ చెడలేదు.

అది చూశాక నా మనసు పూర్తిగా తివిరి వైపు తిరిగింది. ఆయన ఎక్కడా లాగలేదు, యత్నించారు.

నరసాపురం
వెనక్కి, ముందుకి ఆడించి తీశారు కదా. తివుచుకొను అంటే దగ్గరకు లాక్కోవడం కూడా. నేను వదలను.

పెద్దాపురం
ఆయననే అడగలేకపోయారా?

రాజోలు
అడిగానండీ. బ్రష్షు లేని నోటితో, నిదానంగా, ‘తివిచి’ అనే చదివారు. చిన్నప్పుడు వీధి బడిలో మాస్టారు అలాగే చెప్పారట. నేను పుస్తకం మాట చెబితే కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. కొత్త ప్లగ్గు మరలకు కొద్దిగా గ్రాఫైటు గ్రీజు రాసి, చేతివేళ్లతోనే చివరిదాకా తిప్పి, ఆఖరున పానా వేశారు. అది చేస్తూ ‘చేరి మూర్ఖుని మనసు రంజింపరాదు’ అని పద్యం ముగించారు.

తణుకు
‘రాదు’ అన్నారా, ‘లేము’ అన్నారా? కాస్త గుర్తు చేసుకుని చెప్పండి. ఈ పాదంలో అసలు గొడవ అక్కడ ఉంది.