చిత్తడి నేలా, బాడవా?

మా అబ్బాయి డిగ్రీలో మైక్రోబయాలజీ. సెమినార్‌కి తెలుగు చేసిపెట్టమని నిన్న ఒక పేరా తెచ్చాడు. మిథేన్ అనే వాయువుని తిని బతికే ఒక బాక్టీరియా గురించి. పేరు మిథైలోబాక్టర్ టుండ్రిపాలుడమ్. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఆ చలిలో, నీళ్లు నిలిచే మట్టిలో దొరికింది. 2006లో పేరు పెట్టారు.

‘వెట్‌ల్యాండ్ సాయిల్’ దగ్గర ఆగిపోయాను. ‘చిత్తడి నేల మట్టి’ అని రాస్తే మా నాన్నగారు ఒప్పుకోలేదు. “వానకి వాకిలి చిత్తడిగా ఉందంటాం. రెండ్రోజులు ఎండ కాస్తే పోతుంది. నీళ్లు బయటికిపోక నిలిచే పల్లపు నేల బాడవ కదరా” అన్నారు. ఆయన రేపల్లె వైపు వరి పండించిన మనిషి. దమ్ము చేసేటప్పుడు అడుగు తీసి అడుగేస్తే కాళ్ల పక్కన బుడబుడా బుడగలొచ్చేవట. అందులో మిథేనూ ఉంటుందని చెబితే, “అయితే మీ స్వాల్‌బార్డూ బాడవే” అని తేల్చేశారు. మీరేమంటారు?

— బెజవాడ నుంచి: చిత్తడి నేల అనే మాట స్థిరపడిపోయిందండీ. కొల్లేరుని 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేర్చినప్పటి నుంచీ పేపర్లలో అదే చూస్తున్నాం. ఇప్పుడు బాడవ అంటే కుర్రాళ్లకి అర్థం కాదు.

— తెనాలి నుంచి: బాడవ అనగానే మాకు వరిచేను కనిపిస్తుంది. ధ్రువం దగ్గర వరెక్కడిది? అన్నట్టు, ‘తినే’ ఏంటి, గాలిని ‘పీల్చే’ అనాలిగా?

‘తినే’ అనే ఉంచుతానండీ. పీల్చింది మళ్లీ వదిలేస్తాం. ఇది మిథేన్‌ని ఆక్సిజన్‌తో కలిపి ముందు మిథనాల్ చేసుకుంటుంది. దాన్నుంచే బలమూ, ఒళ్లు కట్టుకోవడానికి కార్బనూ తీసుకుంటుంది. అది భోజనమేగా!

— మళ్లీ బెజవాడ: పాలుడమ్‌లో మన ‘పల్లం’ వినిపిస్తోంది. లాటిన్ వాళ్లు మన దగ్గరే ఎత్తుకుపోయారేమో!

అంత సంబరం వద్దు. పల్లం ద్రావిడ మాట, తమిళంలోనూ పళ్లమే. లాటిన్ ‘పాలుస్’ అంటే బురదనేల, ‘పాలుడమ్’ అంటే బురదనేలల యొక్క అని. దానికి చుట్టం కావాలంటే సంస్కృత ‘పల్వలం’ ఉంది, చిన్న మడుగు అని అర్థం. రెంటికీ మూలం ఒకటేనని భాషావేత్తలు జత చూపిస్తారు. ముందున్న ‘టుండ్రి’ టుండ్రా నుంచి, అంటే ధ్రువం వైపు చెట్లు లేని చలినేల. ఆ మాట ఉత్తర ఐరోపాలోని సామీ వాళ్ల భాషది, రష్యన్ మీదుగా వచ్చింది.

నాకు నచ్చింది ముందున్న ‘మిథైల్’. కట్టెని బట్టీ పెట్టి తీసే సారాకి 1834లో ఫ్రెంచి రసాయనవేత్తలు డ్యూమా, పెలిగో గ్రీకు మాటలు అతికించి పేరు కట్టారు. మెథు అంటే ద్రాక్షసారా, హ్యూలే అంటే కట్టె. ఆ మెథు, మన మధువు అక్కచెల్లెళ్లు. మిథేన్ ఆ ఇంటి పేరుతోనే వచ్చింది. అంటే ఆ పేరులో మధువూ ఉంది, మడుగూ ఉంది. తెలుగులోకి తేవడానికి నేను తిప్పలు పడుతున్నది మాత్రం మట్టి దగ్గర.

చివరికి స్వాల్‌బార్డ్‌కి ‘చలి చిత్తడి నేల’ అని రాశాను. కింద మన వరిచేల పోలిక వచ్చిన చోట బాడవ పెట్టాను. నాన్నగారు సగమే ఒప్పుకున్నారు.

— తెనాలి: రొంపికీ ఊబికీ తేడా ఏంటో కూడా ఆయన్నే అడిగి చెప్పండి. మా ఇంట్లో దాని మీద గొడవ నడుస్తోంది.