ఇంటికి నల్లా వచ్చింది, అమ్మకు మాట కరువైంది. ఏం చేయాలి?

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఊరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్లతరబడి తాగి అమ్మ మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు ఇంట్లోకే వస్తున్నాయి. ఆ మేలు చిన్నది కాదు. కానీ ఒకప్పుడు బిందె పట్టుకుని వెళ్తే గంటసేపు నలుగురితో కష్టసుఖాలు చెప్పుకునేది. ఇప్పుడు పొద్దంతా టీవీ ముందే.

మొన్న నేను ఫోన్ పెట్టేయబోతుంటే "ఇంకేంది బిడ్డా" అని నాలుగుసార్లు అడిగింది. చెప్పడానికేమీ లేదు, నా గొంతు వినాలని, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. హైదరాబాద్ రమ్మంటే "మీ నాయిన కట్టిన ఇల్లు ఇడిసి రాను" అంటుంది.

మీ ఊళ్లలో పెద్దవాళ్లు రోజూ ఒకచోట కూర్చునేలా ఎవరైనా ఏర్పాటు చేశారా? మహిళా సంఘం వాళ్లను అడిగితే కుదురుతుందా? నడవలేనివాళ్లను ఎలా తీసుకెళ్తున్నారు? దయచేసి చెప్పండి.