చెత్త డబ్బాను రాత్రే గేటు బయట పెట్టవచ్చా? నియమం ఏం చెబుతోంది?

ప్రశ్న: బైరాగిపట్టెడలో అద్దెకుంటున్న గృహిణి

నమస్కారం. మేము తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇరుకు వీధిలో, మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తులో ఉంటున్నాము. కింద ఇంటి యజమానులు ఉంటారు, పైన మాతో కలిపి మూడు కుటుంబాలు. చెత్త బండి రోజూ ఉదయం వస్తుంది గానీ ఒకరోజు ఆరున్నరకే విజిల్ వినబడుతుంది, ఇంకొకరోజు ఎనిమిది దాటుతుంది. నేనూ మావారూ ఇద్దరమూ పొద్దున్నే ఉద్యోగాలకు బయలుదేరేవాళ్లము కావడం వల్ల రాత్రి పడుకోబోయే ముందు డబ్బాలను దించి, గేటు బయట మురుగు కాలువ మీద పరచిన బండపై పెట్టి వస్తాము. తక్కిన రెండు కుటుంబాలవారిదీ ఇదే పద్ధతి.

ఆ బండ సగం మా గేటు ముందు, సగం పక్కింటివారి ప్రహరీ గోడ ముందు ఉంటుంది. రాత్రి కుక్కలు మూతలు తోసేస్తాయి. తెల్లవారేసరికి మెతుకులు, కూరగాయల తొక్కలు, ఒక్కోసారి మూడో అంతస్తులోని పసిబిడ్డ డైపర్లు కూడా పక్కింటివారి వాకిట్లో పడి ఉంటాయి. వాళ్ల కోడలు వాటిని ఎత్తి, కడిగి, ఆ తరువాత ముగ్గు పెట్టుకోవలసి వస్తోంది. పోయిన వారం ఆ ఇంటి పెద్దాయన వచ్చి, ఇకమీదట ఒక్క డబ్బా కూడా తమ గోడ దగ్గర కనిపించకూడదని గట్టిగా చెప్పారు. మా యజమాని మాత్రం వీధి ప్రభుత్వానిది, ఎవరైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చునని అంటున్నారు. ఇద్దరి మధ్యా మాటలు పెరిగి, పలకరింపులు కూడా నిలిచిపోయాయి.

నాకు తెలియవలసినవి మూడు విషయాలు. డబ్బాలను ఎక్కడ ఉంచాలో చెప్పే నియమం ఏదైనా ఉందా? బండి వచ్చే వేళకు ఇంట్లో ఎవరూ లేనివారు ఏం చేయాలి? మూడు కుటుంబాలకూ కలిపి ఒకే పెద్ద డ్రమ్ము పెట్టుకుంటే సరిపోతుందా? నియమాలు తెలిసినవారు వివరంగా రాస్తే ఇద్దరు పెద్దవాళ్లకూ చూపించాలని నా కోరిక.

జవాబు 1: పురపాలక పారిశుద్ధ్య విభాగంలో పనిచేసి విరమించిన వ్యక్తి, పద్మావతీపురం

అమ్మా, ముందుగా మీ యజమానిగారి మాట గురించి చెబుతాను. వీధి ప్రభుత్వానిది అన్న మాట నిజమే, కానీ దాని నుంచి ఆయన తీసిన అర్థం మాత్రం సరైనది కాదు. అందరిదీ అయిన చోట ఏ ఒక్క ఇంటి డబ్బాకూ కాపురం ఉండే హక్కు లేదు.

మన దేశంలో ఈ విషయం మీద నిబంధనలు రావడానికి 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆమె సుప్రీంకోర్టులో వేసిన కేసు కారణం. దాని ఫలితంగా 2000లో మొదటి నిబంధనలు వచ్చాయి. 2016 ఏప్రిల్ 8న కేంద్ర పర్యావరణ శాఖ వాటి స్థానంలో ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలను ప్రకటించింది. వాటి ప్రకారం ఇంటివారు చెత్తను తడి, పొడి, ఇళ్లలో వచ్చే ప్రమాదకర చెత్త అని మూడుగా విడదీసి, తగిన డబ్బాలలో దాచి, సేకరించడానికి వచ్చినవారికి అప్పగించాలి. వీధిలో గాని, బహిరంగ స్థలంలో గాని, కాలువలో గాని, చెరువులో గాని వేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. ఇప్పుడు వాటి స్థానంలో 2026 నిబంధనలు వచ్చాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చిన వీటిలో చెత్త నాలుగు రకాలు: తడి, పొడి, డైపర్లు శానిటరీ ప్యాడ్ల వంటివి విడిగా, బల్బులు, పెయింటు డబ్బాలు, కాలం చెల్లిన మందులు, పాదరసపు థర్మామీటర్లు మరింత విడిగా.

మీ తగవుకు సూటిగా పనికివచ్చే అంశం 2016 నిబంధనల్లోనే ఉంది. చెత్తను ఇంటింటికీ వెళ్లి సేకరించడం స్థానిక సంస్థ బాధ్యత అని చెబుతూనే, బహుళ అంతస్తుల భవనాలు, గృహ సముదాయాల విషయంలో ప్రవేశ ద్వారం దగ్గర గాని, ఇందుకోసం నిర్ణయించిన మరొక చోట గాని సేకరించవచ్చునని అందులో రాశారు. దీన్ని చాలామంది గేటు బయట పెట్టవచ్చునని చదువుకుంటారు. నా ఉద్యోగ కాలమంతా నేను అర్థం చేసుకున్నది వేరు. గేటు అప్పగించే చోటు, నిల్వ చేసే చోటు కాదు. బండి రావడానికి కొన్ని నిమిషాల ముందు డబ్బా గేటు దగ్గరికి రావడానికీ, ఎనిమిది తొమ్మిది గంటలపాటు రాత్రంతా కాలువ బండ మీద ఉండడానికీ చాలా తేడా ఉంది. కాబట్టి పక్కింటి పెద్దాయన అడుగుతున్నది న్యాయమైన విషయం.

కాలువ బండ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2021 నవంబరు 18న తిరుపతిలో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. అంతటి వానకు కాలువలు ఏ స్థితిలో ఉన్నా నీళ్లు నిలిచేవే, అయినా ప్రతి నవంబరులోనూ మామూలు వానకే కొన్ని వీధులు మునగడానికి బండల సందుల్లోంచి జారిపడిన ప్లాస్టిక్ కవర్లూ, కొబ్బరి పీచూ పెద్ద కారణం. కుక్క తోసిన డబ్బాలోది సగం వాకిట్లో కనబడుతుంది, మిగతా సగం కాలువలోకి పోతుంది.

ఇక చేయవలసినది. గేటు లోపల, గేటుకు చేయి అందేంత దగ్గరలో, మెట్ల కిందనో స్కూటర్లు నిలిపే చోట ఒక మూలనో మూడు అడుగుల స్థలం చూపించమని యజమానిగారిని అడగండి. ఉదయం గేటుకు తాళం లేకుండా గడియ మాత్రమే వేసి ఉంచితే, పారిశుద్ధ్య కార్మికురాలు గడియ తీసి, చెత్త తీసుకుని, డబ్బా అక్కడే పెట్టి వెళుతుంది. అందుకు ఇంట్లో ఎవరూ ఉండనవసరం లేదు. కార్మికులను రెండో అంతస్తుకు మెట్లెక్కి రమ్మనడం మాత్రం న్యాయం కాదు. ఈ ఏర్పాటు గురించి మీ వీధి పారిశుద్ధ్య మేస్త్రికి ముందుగా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శిని కలవండి. చోటు ఒకసారి ఖాయమైతే బండి ఏ వేళకు వచ్చినా మీకు ఇబ్బంది ఉండదు.

జవాబు 2: జీవకోన నుంచి ఒక గృహిణి

పైన పెద్దలు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. డబ్బాను లోపల పెట్టుకోమన్నప్పుడు ఎవరికైనా వచ్చే మొదటి భయం వాసన, పురుగులు కాబట్టి దాని గురించి రాస్తాను. మాది శేషాచలం కొండల కింది వైపు. ఇక్కడ కుక్కలకు తోడు కోతులు కూడా ఉన్నాయి. కోతికి మూత ఒక అడ్డే కాదు, రెండు చేతులతో తీసి పక్కన పెడుతుంది. ఆహారపు చెత్త బయట ఉంటే కుక్కలు చేరతాయి, కుక్కలు చేరిన చోటికి చిరుత వస్తుందని అటవీ సిబ్బంది చెబుతూనే ఉంటారు. విశ్వవిద్యాలయం ప్రాంగణంలో చిరుతలు తిరిగిన వార్తలు మనమందరం చదివినవే. అందుకని మా వీధిలో రాత్రిపూట తడి చెత్త బయట పెట్టడం క్షేమానికి సంబంధించిన విషయం.

వాసనకు అసలు కారణం తడి చెత్తలోని నీళ్లు. రసం, పులుసు, మజ్జిగ మిగిలితే వాటిని డబ్బాలో పోయకుండా సింకులో వంపేసి, అడుగున మిగిలిన చారు ముక్కలను జల్లిలో ఒక్క నిమిషం ఉంచి, ఆ తరువాతే డబ్బాలో వేస్తాను. డబ్బా అడుగున పాత దినపత్రిక రెండు మడతలు పరుస్తాను. మామిడి ఆకులో వేపాకులో ఎండినవి ఒక సంచిలో నింపి పక్కనే పెట్టుకుని, చెత్త వేసిన ప్రతిసారీ ఒక గుప్పెడు పైన చల్లుతాను. ఎండాకాలంలో కూడా మరుసటి ఉదయం దాకా ముక్కు మూసుకోవలసిన పని ఉండదు. పండగ రోజుల్లో, ముఖ్యంగా అరటి ఆకుల్లో భోజనాలు పెట్టిన రోజున, ఆకులను మడిచి వేస్తే డబ్బా ఊరికే నిండిపోతుంది. కత్తిరించి వేస్తే సగం చోటు చాలు.

డైపర్ల విషయంలో మూడో అంతస్తువారితో మీరే మెత్తగా మాట్లాడండి, ఎందుకంటే ఇందులో వీధికన్నా ముందు బాధపడేది బండి మీద నిలబడి చేతులతో వేరు చేసే మనిషి. మడిచి, పేపరులో గట్టిగా చుట్టి, విడిగా ఒక చిన్న డబ్బాలో వేసి, అప్పగించేటప్పుడు ఇది ఫలానా అని నోటితో చెప్పాలి. పగిలిన గాజు, వాడిన బ్లేడు, షుగరు సూది ఉంటే ఖాళీ అట్టపెట్టెలో వేసి మూసి ఇవ్వాలి. మా వీధికి వచ్చే అమ్మ ఒకరోజు వేళ్లకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. ఎవరో కవరులో వేసిన సీసా పెంకు గుచ్చుకుందట. అప్పటి నుంచి నేను గాజును మిగతా పొడి చెత్తతో కలిపి ఎన్నడూ వేయలేదు.

జవాబు 3: ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుడు

మూడు కుటుంబాలకూ ఒకే డ్రమ్ము అన్న ఆలోచన దగ్గర కొంచెం ఆగండి. మా అపార్ట్‌మెంట్‌లో కొంతకాలం అలాగే నడిచింది. ఎవరి చెత్త ఏదో తెలియనప్పుడు వేరు చేసే బాధ్యత ఎవరికీ ఉండదు. ఒక ఇంటివారు సాంబారు అన్నాన్ని కవరులో కట్టి పడేస్తే, ఇంకో ఇంటివారు శ్రద్ధగా వేరు చేసిన అట్టలూ సీసాలూ కూడా పాడవుతాయి. తరువాత సంఘం సమావేశంలో చర్చించి, ఏ ఫ్లాటు డబ్బాల మీద ఆ ఫ్లాటు నంబరు రాసి, సెల్లారులో వరుసగా పెట్టించాము. నంబరు కనబడినప్పటి నుంచి మాటామంతీ అవసరం లేకుండానే చాలామంది సర్దుకున్నారు. 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో ఇంటింటికీ ఇచ్చిన ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇప్పటికీ చాలా ఇళ్లలో బియ్యానికో నీళ్లకో వాడుతున్నారు. వాటినే బయటికి తీస్తే కొత్తవి కొనే పని లేదు. ఆకుపచ్చ తడికి, నీలం పొడికి, ఎరుపు ప్రమాదకరమైనవాటికి. నాలుగో రకానికి మూత ఉన్న ఏ పాత డబ్బా అయినా చాలు.

వేరు చేయడం ఎందుకింత ముఖ్యమని మా ఫ్లాట్లలోనూ అడిగారు. తూకివాకం ప్లాంటులో తడి చెత్త నుంచి గ్యాసు, ఎరువు తయారవుతాయి, అది కూడా ప్లాస్టిక్, గాజు కలవని చెత్త అయితేనే. 2022 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో లక్షకు పైబడిన జనాభా గల నగరాలలో తిరుపతికి ఏడో స్థానం వచ్చింది. ఆ లెక్కల్లో ఇంటింటి సేకరణతో పాటు ఇళ్లలోనే వేరు చేయడానికి కూడా మార్కులుంటాయి. యాత్రికుల తాకిడి ఇంతగా ఉన్న ఊరు ఆ స్థానానికి చేరడంలో రోజూ డబ్బా దించే ఇళ్లకూ పాత్ర ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న అడిగినవారి మరో సందేహం

అందరికీ ధన్యవాదాలు. మొదటి జవాబును నిన్న సాయంత్రం మా యజమానిగారికి చదివి వినిపించాను. మెట్ల కింద పాత నీళ్ల మోటారు ఉన్న మూలను ఖాళీ చేయిస్తానని ఒప్పుకున్నారు. కానీ మరో రెండు మాటలు అన్నారు. చెత్త పన్నే ఎత్తేశాక ఈ నియమాలన్నీ మనకెందుకని ఒకటి. మరమ్మతులో వచ్చిన ఇటుక ముక్కలూ, ఎండిన కొబ్బరి మట్టలూ వీధి చివర ఖాళీ స్థలంలో వేసి, మట్టలకు నిప్పు పెడితే సరిపోతుందని రెండోది. వీటికి ఏమని చెప్పాలి?

జవాబు 1 రాసినవారి సమాధానం

చెత్త పన్ను రద్దు చేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ప్రకటించారు. రద్దయినది ఇంటివారి నుంచి నెలనెలా వసూలు చేసిన రుసుము మాత్రమే. చెత్తను వేరు చేయడం, వీధిలో వేయకపోవడం అనే బాధ్యతలు కేంద్ర నిబంధనల నుంచి వచ్చినవి, వాటిని ఎవరూ రద్దు చేయలేదు. రుసుము లేకపోయినా బండి వస్తున్నప్పుడు, డబ్బా సరిగా అప్పగించడం మన వంతు పని అని ఆయనకు చెప్పండి.

నిప్పు మాట మాత్రం అస్సలు వద్దు. చెత్తను బహిరంగంగా కాల్చేవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చేవారికి 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. జరిమానా అలా ఉంచినా, ఆ ఖాళీ స్థలంలో ఇప్పటికే పడి ఉన్న ప్లాస్టిక్ కూడా మట్టలతో పాటు కాలుతుంది, ఆ పొగ మొదట చేరేది మూడో అంతస్తులోని పసిబిడ్డ ఊపిరికే. మట్టలను నరికి, తోట చెత్తగా విడిగా కట్టి, మేస్త్రికి ముందురోజు చెబితే ఏ రోజు తీసుకుపోతారో చెబుతారు. ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్లలూ రోజువారీ బండిలో వేయవలసినవి కావు. కట్టడాల వ్యర్థాలకు వేరే నిబంధనలు ఉన్నాయి. గోనె సంచుల్లో నింపి గేటు లోపలే ఉంచి, వాటిని తీసుకెళ్లే ఏర్పాటు కోసం వార్డు సచివాలయంలో అడగాలి. ఇటుకలు పగలకుండా ఉంటే దగ్గరలో ఇల్లు కట్టుకునేవారు అడిగి పట్టుకుపోతారు, అది ఇంకా మంచిది.

వీధి చివరి ఖాళీ స్థలం గురించి వీధిలోని ఇళ్లవారందరూ కలిసి సంతకాలు చేసి, సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికలో ఒక అర్జీ ఇవ్వండి. స్థలం యజమాని ఎవరో కనుక్కుని శుభ్రం చేయించమనీ, కంచె వేయించమనీ అందులో స్పష్టంగా రాయండి, రెండు ఫొటోలు జతచేయండి, రసీదు తీసుకోండి. మీ యజమానిగారూ పక్కింటి పెద్దాయనా ఇద్దరూ ఆ కాగితం మీద మొదటి రెండు సంతకాలు పెడితే బాగుంటుందని నా అభిప్రాయం, అర్జీ రాసేది మీరే అయినా సరే.